ఇంట్లో చేసే పచ్చళ్ల వ్యాపారం కొత్తవాళ్లకు నమ్మకంగా కనిపించాలంటే

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాజమండ్రిలో ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి రెండేళ్లుగా వాట్సాప్‌లో అమ్ముతున్నారు. తెలిసినవాళ్లు, వాళ్ల చుట్టాలు మళ్లీ మళ్లీ కొంటున్నారు. ఇన్‌స్టాగ్రామ్ చూసి వచ్చే కొత్తవాళ్లు మాత్రం రెండు ప్రశ్నలడిగి మాయమైపోతున్నారు. ఒకావిడ "మీది నిజంగా వ్యాపారమేనా?" అని నేరుగా అడిగేసింది. అందుకని 40 వేలు పెట్టి వెబ్‌సైటు, లోగో చేయించి, హైదరాబాద్‌లో ఒక ఆఫీసు అడ్రసు అద్దెకు తీసుకుంటే స్థిరపడిన కంపెనీలా కనిపిస్తామా అంటున్నారు.

నేను తెనాలిలో 12 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీరు చెప్పిన దశ మొత్తం దాటి వచ్చాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను. ముందు ఒక మాట: ఆ అడ్రసు ఆలోచన వదిలేయండి, వెబ్‌సైటు ఇంకో ఆరు నెలలు ఆగినా ఏమీ కాదు. మీరు చిన్నవాళ్లని ఎవరూ వెనక్కి వెళ్లడం లేదు. ఒకచోట చూసిన పేరు, ధర, మాట ఇంకోచోట అలాగే కనిపించక వెళ్లిపోతున్నారు. బట్టకి అతుకులున్నట్టు వ్యాపారానికీ ఉంటాయి. పేజీ నుంచి వాట్సాప్‌కి, అక్కడి నుంచి డబ్బు కట్టే స్క్రీన్‌కి, అక్కడి నుంచి పార్శిల్‌కి వెళ్లేటప్పుడు కొత్త మనిషి కన్ను ఆ అతుకుల మీదే పడుతుంది.

నా సంగతే చెప్తాను. మొదట్లో నా పేజీకి ఒక పేరు. వాట్సాప్‌లో మా అమ్మాయి ఫొటో, నా సొంత పేరు. డబ్బులు పంపబోతే ఫోన్‌లో మా వారి పేరు వచ్చేది, ఎందుకంటే ఖాతా ఆయనది. పార్శిల్ మీద "పంపినవారు" దగ్గర మా మరిది పేరు ఉండేది, కొరియర్ ఆఫీసుకి వెళ్లేది అతనే కాబట్టి. ఒక వ్యాపారానికి నాలుగు పేర్లు! బెంగళూరు నుంచి ఒకమ్మాయి కిలో గోంగూర, అరకిలో కందిపొడి చెప్పి, అడ్రసు కూడా పంపి, సరిగ్గా డబ్బు కట్టే దగ్గర ఆగి ఫోన్ చేసింది. "ఆంటీ, ఇక్కడ ఎవరో మగవాళ్ల పేరు వస్తోంది, మీకేనా వెళ్లేది?" అంది. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి నాకు తెలిసింది. అడక్కుండా ఆగిపోయినవాళ్లు ఎంతమందో లెక్కే లేదు. ఆన్‌లైన్ మోసాల గురించి రోజూ వింటున్న మనిషికి ఆ ఒక్క క్షణం అనుమానం చాలు.

కాబట్టి మీ మొదటి పని పేరు ఒకటి చేయడం. వినడానికి చిన్నగా ఉంటుంది కానీ దీనికి కాగితాలు కావాలి, కాగితాలకి ఒక వరుస ఉంది.

అన్నిటికంటే ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని రిజిస్ట్రేషన్. ఇంటి వంటగదిలో చేసి అమ్మినా ఇది తప్పనిసరి. ఫోస్కోస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. చిన్న వ్యాపారానికి ప్రభుత్వ ఫీజు చాలా తక్కువ, ఏజెంట్లు అడిగేదే ఎక్కువ. 14 అంకెల నంబరు వస్తుంది. ఆ తర్వాత చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఇది 2020 జులైలో మొదలైంది, పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. జాగ్రత్త, వెతికితే ముందు వచ్చే సైట్లలో కొన్ని ప్రభుత్వ సైట్‌లాగే ఉండి డబ్బులు అడుగుతాయి. ఉద్యమ్‌కి డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదని గుర్తుపెట్టుకోండి. రెండింటిలోనూ వ్యాపారం పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకేలా ఇవ్వండి. ఒకచోట "ఫుడ్స్", ఇంకోచోట "హోమ్ ఫుడ్స్" అని రాస్తే తర్వాత బ్యాంకులో తిప్పుతారు.

ఒక్కరి సొంత వ్యాపారానికి బ్యాంకులో కరెంట్ ఖాతా (వ్యాపారాలకిచ్చే ఖాతా) తెరవాలంటే మామూలుగా వ్యాపారం పేరుతో రెండు రుజువులు అడుగుతారు. పై రెండూ పట్టుకెళ్లండి. ఖాతా వచ్చాక వ్యాపారం పేరుతో యూపీఐ క్యూఆర్ తీసుకోండి. ఇక ఎవరు స్కాన్ చేసినా మీ పచ్చళ్ల పేరే కనిపిస్తుంది. నాకు ఇది వచ్చిన నెలలోనే తేడా తెలిసింది. డబ్బు కట్టే దగ్గర ఆగి ఫోన్ చేసేవాళ్లు ఇంచుమించు లేకుండా పోయారు. మీరు 40 వేలు పెట్టి కొనాలనుకున్న నమ్మకంలో సగం ఇక్కడే ఉంది.

జీఎస్టీ గురించి కూడా చెప్పాలి, చాలామంది దీన్ని పట్టించుకోరు. అమ్మకం ఫలానా లక్షలు దాటేదాకా అక్కర్లేదని అందరూ అంటారు. అది సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్ల మాట. పచ్చళ్లలాంటి పన్ను ఉన్న సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. మీరు రాజమండ్రి నుంచి హైదరాబాద్ పంపినా అది వేరే రాష్ట్రమే. మీ ఊళ్లో ఆడిటర్‌ని ఒకసారి కలిసి మీ లెక్క చూపించండి. రిజిస్ట్రేషన్ వచ్చేదాకా బిల్లులో జీఎస్టీ అని ఒక్క రూపాయి కూడా వేయకండి, అది చట్టవిరుద్ధం. కానీ బిల్లు మాత్రం ఇవ్వండి. వరుస నంబరుతో, తేదీతో, మీ పేరు, ఫోన్ నంబరు ఉన్న చిన్న బిల్లు పుస్తకం అచ్చు వేయించుకుంటే చాలు. డబ్బా తెరవగానే పైన బిల్లు కనిపిస్తే ఆ పార్శిల్ తీరే వేరుగా ఉంటుంది.

ఇప్పుడు హైదరాబాద్ అడ్రసు సంగతి. అలాంటి అడ్రసులు చట్టబద్ధంగానే అద్దెకిస్తారు, కొన్ని వ్యాపారాలకి పనికొస్తాయి. తిండి వ్యాపారానికి పనికిరావు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వచ్చేది తయారయ్యే చోటుకి. లేబుల్ మీద తయారీదారు అడ్రసు ఉండాలి. రాజమండ్రిలో కలిపిన పచ్చడి మీద హైదరాబాద్ ఆఫీసు తయారుచేసినట్టు రాస్తే అది అబద్ధం. దాన్ని పట్టుకుని ఎవరైనా ఆ ఆఫీసుకి వెళ్తే అక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు.

అసలు ఇల్లు అని చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకండీ? మన ఊళ్లలో పిండివంటల కొట్టుకి "స్వగృహ ఫుడ్స్" అని బోర్డు పెడతారు. కొట్లో అమ్ముతూ కూడా "మా ఇంట్లో చేసినట్టే" అని చెప్పుకోవడానికి ఆ పేరు. మీకు ఆ ఇల్లు నిజంగానే ఉంది. మీకు దగ్గర్లోనే ఆత్రేయపురం ఉంది. అక్కడ పూతరేకులు వేసేది ఇళ్లలో ఆడవాళ్లే. కుండ మీద పల్చటి రేకు తీసి చేసే ఆ పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు వచ్చింది. ఇంట్లో చేయడం వల్ల ఆ సరుకు విలువ ఏమీ తగ్గలేదు. తూర్పుగోదావరి పచ్చడి అంటే కొనేవాళ్లకి ఒక రుచి గుర్తొస్తుంది. దాన్ని వదులుకుని హైదరాబాద్ అడ్రసు వెనక దాక్కోవడం మీకే నష్టం.

ఇంటి అడ్రసు నలుగురికీ తెలియడం కొంత ఇబ్బందే, ముఖ్యంగా పగలు ఆడవాళ్లు ఒక్కళ్లే ఉండే ఇంట్లో. దానికి నేను చేసేది ఇది. లేబుల్ మీద అడ్రసు పూర్తిగా ఉంటుంది, ఎందుకంటే ఉండాలి. గూగుల్‌లో వ్యాపారం ప్రొఫైల్ పెట్టినప్పుడు మాత్రం ఇంటి అడ్రసు కనిపించకుండా, ఏయే ప్రాంతాలకి పంపుతామో మాత్రమే చూపించే వీలుంది, అది పెట్టుకున్నాను. "ఇంటి దగ్గర అమ్మకం లేదు, ఆర్డరు మీద మాత్రమే" అని పేజీలో రాశాను. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకున్నాను. ఈ మూడింటితో చెప్పాపెట్టకుండా గుమ్మంలోకి వచ్చేవాళ్లు ఆగిపోయారు.

ఇక లేబుల్. లోగోకి పెట్టాలనుకున్న డబ్బులో కొంత దీనికి పెట్టండి. బొమ్మలు అక్కర్లేదు, చదవగలిగేలా ఉండాలి. మాది ఇలా ఉంటుంది: పైన మా పేరు తెలుగులో పెద్దగా, కింద ఇంగ్లీషులో చిన్నగా. ఆ కింద "గోంగూర పచ్చడి". తర్వాత పదార్థాలు, ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర: గోంగూర, నువ్వుల నూనె, ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లి, చింతపండు, ఆవాలు, మెంతులు, ఇంగువ. నికర బరువు 500 గ్రాములు. తయారైన తేదీ, ఎప్పటిలోపు వాడాలి, బ్యాచ్ నంబరు. అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెలు. తయారీదారు పేరు, పూర్తి అడ్రసు, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఈమెయిల్. వీటిలో చాలావరకు చట్టం అడిగేవే. ఇవన్నీ ఉన్న సీసా, ఏమీ లేని సీసా పక్కపక్కన పెట్టి చూడండి. లోపల ఉన్నది ఒకే పచ్చడి అయినా ఒకటి కంపెనీది అంటారు, ఒకటి పక్కింటిది అంటారు.

బ్యాచ్ నంబరు ఏదో ఒక అంకె అనుకోకండి. నా దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. ఒక్కో బ్యాచ్‌కి ఒక పేజీ. మిర్చి ఎక్కడ కొన్నాను, ఏ రోజు కలిపాను, ఆవకాయ అయితే కాయ ఏ రకం, మూడో రోజు తిరగకలిపినప్పుడు ఉప్పు సరిపోయిందా, ఏ సీసాలు ఎవరికి వెళ్లాయి అన్నీ రాస్తాను. ఒకసారి పుణె నుంచి ఒకాయన "ఈసారి ఆవకాయ ముందుకంటే ఉప్పగా ఉంది" అన్నారు. బ్యాచ్ అడిగి, పుస్తకం తీసి, "నిజమేనండి, ఆ రోజు ఉప్పు వేరే రకం వాడాం, అదే బ్యాచ్ ఇంకో ముగ్గురికి వెళ్లింది, వాళ్లకీ ఫోన్ చేస్తాను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆరు కిలోలు చెప్పారు.

తూకం కూడా చూసుకోండి. వ్యాపారానికి వాడే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. వంటింట్లో వాడుకునే చిన్న కాటాతో తూచి 500 గ్రాములు అని అచ్చు వేయకండి.

లేబుల్ మీద రాయకూడనివి కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ లేకుండా "ఆర్గానిక్" అనకండి. కరివేపాకు పొడి షుగర్ తగ్గిస్తుందని, నల్లకారం కీళ్లనొప్పులకి మంచిదని రాయకండి. మన అమ్మమ్మలు అనే మాట వేరు, డబ్బు తీసుకుని అమ్మే సీసా మీద రాసే మాట వేరు. "1960 నుంచి" అని కూడా వద్దు. మీ అమ్మమ్మ అప్పట్లో పచ్చడి పెట్టి ఉండొచ్చు, వ్యాపారం మీరు పెట్టింది రెండేళ్ల కిందట. ఆ ఏడాదే రాయండి. ఆ మాటకొస్తే ఎప్పుడు మొదలుపెట్టారని నన్ను ఇన్నేళ్లలో అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఎన్ని రోజుల్లో వస్తుందని అందరూ అడిగారు.

పేరు గురించి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మొదట పెట్టుకున్న పేరు నాకు చాలా ఇష్టం. ముందూ వెనకా చూసుకోకుండా 2,000 లేబుళ్లు వేయించాను. నాలుగు నెలలకి అదే పేరుతో ముందే రిజిస్టర్ అయిన సంస్థ నుంచి లాయరు నోటీసు వచ్చింది. తప్పు నాదే. మిగిలిన లేబుళ్లన్నీ పారేసి, ఉన్న సీసాల మీదవి వేడినీళ్లతో నానబెట్టి గీకి తీశాం. మా అత్తగారు, నేను రెండు రాత్రులు కూర్చున్నాం. ట్రేడ్‌మార్కుల ప్రభుత్వ సైట్‌లో పేరు ఉచితంగా వెతుక్కోవచ్చు. లేబుల్ అచ్చుకి ఇచ్చేముందు పది నిమిషాలు వెతకండి. తర్వాత వీలైనప్పుడు మీ పేరుకి దరఖాస్తు చేసుకోండి. ఒక్కరి పేరు మీద ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కో తరగతికి (సరుకుల రకానికి) ఫీజు 4,500 రూపాయలు, వస్తే పదేళ్లు ఉంటుంది. దరఖాస్తు చేశాక పేరు పక్కన టీఎం అని పెట్టుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే. ముందే పెట్టడం నేరం.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించిన విషయం, ప్యాకింగ్. మీరు రాసినదాంట్లో దీని మాటే లేదు, అందుకే గట్టిగా చెప్తున్నాను. కొత్త మనిషికి మీరు మొదటిసారి నిజంగా కనిపించేది డబ్బా తెరిచిన ఆ నిమిషంలోనే.

మూడో ఏడు అనుకుంటాను, బెంగళూరుకి ఒక పెళ్లివారికి 24 సీసాలు పంపాను. మూతలు గట్టిగా బిగించి, న్యూస్‌పేపరు చుట్టి, అట్టపెట్టెలో సర్దాం. అక్కడికి చేరేసరికి పెట్టె అడుగు మొత్తం ఎర్రగా నూనె. లోపల తొమ్మిది సీసాల్లో మూత కింద వేలెడు ఖాళీ. ఆ తల్లి ఫొటోలు పంపింది. ఒక్క మాట తిట్టలేదు, "పెళ్లికి పంచుదామనుకున్నాం అక్కా" అంది అంతే. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ 24 సీసాలు కట్టి పంపాను, పైసా తీసుకోలేదు. ఆ నెల లాభం మొత్తం పోయింది.

ఆ తర్వాత నేర్చుకున్నది ఇది. మూత ఎంత బిగించినా నూనె కారుతుంది. సీసా మూతికి రేకు అంటించి వేడితో సీల్ చేసే ఇండక్షన్ మిషన్ చేత్తో పట్టుకునేది దొరుకుతుంది, అది కొనండి. సీల్ అయ్యేముందు సీసా అంచు పొడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. అంచు మీద ఒక్క చుక్క నూనె ఉన్నా రేకు పట్టదు. పట్టినట్టే కనిపిస్తుంది, దారిలో ఊడుతుంది. అందుకని సీల్ చేశాక ప్రతి సీసానీ తలకిందులుగా ఒక తెల్ల కాగితం మీద రాత్రంతా ఉంచుతాం. పొద్దున్న కాగితం మీద మరక ఉందంటే ఆ సీసా మళ్లీ మొదటికి. సీసా నిండా కుక్కకండి, పైన కాస్త జాగా వదలండి. తర్వాత సీసాని ఒక మందపాటి కవర్లో పెట్టి ఆ కవరు కూడా సీల్ చేస్తాం. ఒకవేళ కారినా పక్కదానికి అంటదు. పైన బబుల్ చుట్ట. పెట్టె అయిదు పొరల అట్టది, మూడు పొరలది పొడులకి సరిపోతుంది, సీసాలకి ఆగదు. కట్టాక పెట్టెని పట్టుకుని గట్టిగా ఊపండి. లోపల కదిలిన చప్పుడు వస్తే విప్పి మళ్లీ సర్దండి.

పెట్టె కొలత కూడా లెక్కే. కొరియర్లు చాలావరకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. వచ్చిన అంకె, అసలు బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 30, 25, 20 పెట్టెలో రెండు కిలోల సరుకు పెట్టినా మూడు కిలోలకి కడతారు. అందుకే రెండే రెండు సైజుల పెట్టెలు ఎంచుకుని వాటికి సరిపోయేలా సీసాల లెక్క పెట్టుకోండి. అన్ని పార్శిళ్లూ ఒకేలా కనిపిస్తాయి, ఖర్చూ చేతిలో ఉంటుంది.

పంపే రోజులు కూడా పెట్టుకోండి. మేం సోమ, బుధ, శుక్రవారాలే పంపుతాం. "ఈరోజే పంపేస్తాను" అని అందరికీ చెప్పి సగం మందికి రేపు చేసేదానికంటే, "బుధవారం వెళ్తుంది" అని చెప్పి బుధవారమే పంపడం ఎంతో మేలు. వెళ్లిన సాయంత్రం వాళ్లు అడక్కముందే ట్రాకింగ్ నంబరు పంపండి. ఈ ఒక్కటి చేసినా సగం మంది పెద్ద కంపెనీ అనుకుంటారు.

మాట్లాడే తీరు దగ్గరికి వస్తే, మీ పేజీలో నేను చూసిన పెద్ద లోపం ధర లేకపోవడం. ఎవరైనా కింద "రేటెంత?" అని అడిగితే "ఇన్‌బాక్స్ చూడండి" అని పెడుతున్నారు. చాలామంది పెడుతున్నారు కదా అని మనం పెట్టకూడదు. అది చూసినవాడికి ముఖం చూసి రేటు చెప్తారేమో అనిపిస్తుంది. అందరికీ కనిపించేలా అక్కడే రాయండి: "అరకిలో ఇంత, కిలో ఇంత, ఆంధ్ర తెలంగాణలకి కొరియర్ ఇంత." ధరల పట్టిక ఒక్క బొమ్మగా చేసి పైన పిన్ చేయండి, దాని మీద తేదీ వేయండి. పాత పట్టికలు తీసేయండి. ఒకే పేజీలో గోంగూరకి రెండు ధరలు కనిపిస్తే అంతే సంగతులు. తెలిసినవాళ్లకి తగ్గించాలనుకుంటే బిల్లులో తగ్గింపు అని వేరే గీత వేసి తగ్గించండి, అసలు ధర మార్చకండి.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో కేటలాగ్, పని వేళలు, ముందే రాసిపెట్టుకునే జవాబులు ఉన్నాయి. ఎంత మంచివైనా ఆ రాసిపెట్టిన జవాబులు మనిషి మాట్లాడినట్టు ఉండాలి. "డియర్ కస్టమర్, యువర్ క్వెరీ" అని తెలుగు మనిషికి పంపితే బ్యాంకు మెసేజ్ అనుకుని వదిలేస్తారు. నాది ఇలా ఉంటుంది: "నమస్కారం అండి. పొద్దున్న 10 నుంచి సాయంత్రం 6 వరకు జవాబిస్తాం. ధరల పట్టిక కింద పెట్టాను. మీ పిన్‌కోడ్ పంపితే కొరియర్ ఖర్చు, చేరే రోజు చెప్తాను." ఆర్డరు ఖాయమయ్యాక ఇంకొకటి: ఏం కొన్నారు, ఎంత, ఏ అడ్రసు, ఏ రోజు పంపుతాం. నాలుగు లైన్లు. వాళ్లు "సరే" అన్నాకే డబ్బు. రాత్రి 11 గంటలకి వచ్చిన మెసేజ్‌కి రాత్రి 11 గంటలకే జవాబివ్వకండి. పని వేళలు రాసి వాటిని మీరే దాటితే అవి ఉండీ లేనట్టే, పైగా మీ ఒంటికి మంచిది కాదు.

"మా టీమ్ మిమ్మల్ని సంప్రదిస్తుంది" లాంటివి అక్కర్లేదు. మీతోపాటు ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తుంటే "మేం ముగ్గురం చేస్తాం" అని చెప్పండి. వినేవాళ్లకి బాగుంటుంది.

ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారో ముందే రాసిపెట్టండి. మా మాట: "సీసా పగిలినా, నూనె కారినా, అందిన 24 గంటల్లో ఫొటో పంపండి. కొత్తది పంపుతాం లేదా డబ్బు తిరిగిస్తాం, మీ ఇష్టం. రుచి నచ్చలేదంటే మొదటి ఆర్డరుకి మాత్రం సగం డబ్బు తిరిగిస్తాం." దీన్ని వాడుకుని మోసం చేస్తారేమో అని నాకూ టెన్షన్ ఉండేది. 12 ఏళ్లలో అలా అనిపించినవి నా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫొటోలకి కెమెరా కొనకండి. పొద్దున్న తొమ్మిదింటికి కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఒకే తెల్ల పింగాణీ పళ్లెం, కింద ఒకే రంగు గుడ్డ. అన్ని పచ్చళ్లూ అదే పళ్లెంలో, అదే వైపు నుంచి. పదిహేను ఫొటోలు పక్కపక్కన పడేసరికి పేజీకి ఒక రూపం వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఆవకాయ ఫొటో పెట్టకండి. అదే ఫొటో ఇంకో పదిమంది పేజీల్లో ఉంటుంది, చూసినవాళ్లు గుర్తుపడతారు. వేసవిలో కాయ కోసేటప్పుడు, మూడో రోజు జాడీలో తిరగకలిపేటప్పుడు అర నిమిషం వీడియో తీయండి. తలకి గుడ్డ కట్టుకుని, చేతికి గాజులు తీసి, తుడిచిన గట్టు మీద చేస్తుంటే చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గట్టు మీద నిన్నటి గిన్నెలు మాత్రం కనపడకూడదు.

రివ్యూల దగ్గర గట్టిగా ఉండండి. చుట్టాలతో, స్నేహితులతో కొనకుండానే అయిదు నక్షత్రాలు పెట్టించకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్లు కొన్నవాళ్లలా నటించి రివ్యూ రాయడం తప్పు. చట్టం మాట పక్కన పెట్టినా, ఒకే వారంలో ఒకే ఊరి నుంచి వచ్చిన 12 పొగడ్తలు చూడగానే తెలిసిపోతాయి. నిజంగా కొన్నవాళ్లని అడగండి, కానీ పార్శిల్ అందిన రోజు అడక్కండి. అప్పటికి వాళ్లు సీసా తెరిచి ఉండరు. నేను పదో రోజు అడుగుతాను: "పచ్చడి మొదలుపెట్టారా అండి? ఉప్పు, కారం సరిపోయాయా?" రివ్యూ అనే మాట ఎత్తను. వచ్చిన జవాబు బాగుంటే "ఇది గూగుల్‌లో రాస్తారా?" అని లింకు పంపుతాను. వాట్సాప్ స్క్రీన్‌షాట్ పేజీలో పెట్టాలంటే వాళ్లని అడిగి, పేరు, నంబరు చెరిపి పెట్టండి.

వెబ్‌సైటు తర్వాతైనా, డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటుకి పెట్టే పేరు, మాత్రం ఇప్పుడే కొని ఉంచండి. డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాంతో మీ వ్యాపారం పేరు మీదే ఈమెయిల్ పెట్టుకోవచ్చు, లేబుల్ మీద అది ఉంటే బాగుంటుంది. నెలకి వంద ఆర్డర్లు దాటి వాట్సాప్‌లో లెక్క తప్పడం మొదలయ్యాక వెబ్‌సైటు చేయించండి. అప్పటికి మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది. ఇప్పుడు చేయిస్తే చేసేవాళ్లు ఏం చూపిస్తే అది కొంటారు.

మీ 40 వేలు నా చేతిలో ఉంటే ఇలా ఖర్చు పెడతాను. సీల్ మిషన్, ముద్ర వేసిన కాటా ముందు కొంటాను. తర్వాత లేబుళ్లు, కానీ మొదటిసారి 500 మించి వేయించను. ఏదో ఒక తప్పు దొర్లుతుంది, రెండో అచ్చులో దిద్దుకోవచ్చు. పెట్టెలు, కవర్లు మూడు నెలలకి సరిపడా. బిల్లు పుస్తకం, డొమైన్, ఆడిటర్ ఫీజు. మిగిలింది ఒక పక్కన పెట్టి, పాడైన పార్శిళ్లకి బదులు పంపడానికి ఉంచుతాను. ఆ చివరి మొత్తం ఉంటేనే ఫిర్యాదు ఫోన్ వచ్చినప్పుడు గొంతు వణక్కుండా "కొత్తది పంపుతానండి" అనగలుగుతాం.

ఇవన్నీ అయ్యాక ఒక పని చేయండి. మీ నుంచి ఎప్పుడూ కొనని మనిషిని ఒకరిని పట్టుకోండి. వేరే ఊళ్లో ఉన్న వదిన చెల్లెలో, ఆఫీసు స్నేహితురాలి తమ్ముడో. మీకు చెప్పకుండా ఏదో ఒక రోజు ఆర్డరు పెట్టమనండి, డబ్బు కట్టమనండి, పార్శిల్ విప్పేదాకా ఎక్కడెక్కడ ఆగి ఆలోచించారో కాగితం మీద రాసి పంపమనండి. నేను మా పెద్దమ్మ మనవడితో చేయించాను, అతను అప్పుడు చెన్నైలో ఉద్యోగం. పదకొండు విషయాలు రాసి పంపాడు. అందులో తొమ్మిదోది: "అత్తా, సీసా మూత మీద తేదీ చేత్తో రాశారు, ఒకటో ఏడో తెలియలేదు." ఆ సాయంత్రమే బజారుకి వెళ్లి తేదీ ముద్ర కొన్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాం.